పదమూడు గోపురాల తాబేలు

బెంగుళూరులో మార్చి నెల ఎలా ఉంటుందో ఇక్కడున్న మన తెలుగువాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. పొద్దున లేచేసరికి చల్లగానే ఉంటుంది. మధ్యాహ్నానికి పెదవులు పగులుతాయి, ఆరేసిన బట్టలు గంటలో ఫెళఫెళలాడతాయి. "మీకేమండీ, చెమట పట్టని ఊళ్ళో ఉన్నారు" అంటారు మా విజయవాడ మిత్రులు. చెమట పట్టకపోవడం మనిషికి సుఖమే. కానీ ఆ పొడిగాలి ఒక చిన్న ప్రాణిని ఎంత ఇబ్బంది పెట్టిందో 2024 మార్చిలో కళ్ళారా చూశాను. నేను జంతుశాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో అంకెలతో కాపురం చేస్తున్నవాణ్ణి. నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

మా చెల్లెలి కూతురు కుటుంబం మారతహళ్ళిలో ఒక అపార్టుమెంటులో ఉంటారు. నెల్లూరులో వాళ్ళ అత్తగారివైపు పెళ్ళి వచ్చింది. "మామయ్యా, పన్నెండు రోజులు చుక్కిని మీ ఇంట్లో ఉంచుకుంటారా?" అని ఫోను చేసింది. కుక్కపిల్లో, పిల్లికూనో అనుకుని సరేనన్నాను. తీరా ఆదివారం అల్లుడు ఒక గాజు తొట్టె మోసుకుని వచ్చాడు. అందులో పాత న్యూస్‌పేపరు, దాని మీద అరచేతిలో పట్టేంత తాబేలు పిల్ల. నల్లటి డిప్ప మీద పసుపు రంగు చుక్కల ముగ్గు. తొట్టె పైన పెద్ద బల్బు వెలుగుతోంది.

ఎనిమిదేళ్ళ మనవడు నాకు అన్నీ అప్పజెప్పాడు. "తాతా, పొద్దున క్యాబేజీ, సాయంత్రం టమాటా. ఆదివారం పాలలో నానబెట్టిన బ్రెడ్డు. డిప్ప మీద చూడు, పదమూడు గోపురాలు! మొదట్లో లేవు, మా ఇంట్లోనే వచ్చాయి." లెక్క పెడితే నిజంగానే పదమూడు. వెన్ను మీద ఐదు, రెండు పక్కలా నాలుగేసి. ఒక్కొక్క పలక కొండలా పైకి లేచి ఉంది. గృహప్రవేశం నాడు అల్లుడి స్నేహితుడొకాయన తెచ్చి ఇచ్చాడట. గోపురాలు లేచేకొద్దీ ఇంటికి కలిసొస్తుందని కూడా చెప్పాడట.

రెండో రోజుకే చుక్కి తిండి మానేసింది. ఒకరి సొమ్ము మన దగ్గర డిపాజిట్టుగా ఉన్నప్పుడు ఉండే భయం నాకు బాగా తెలుసు. మా బ్రాంచిలో ఒకాయన చెబితే పక్షులకు, తాబేళ్ళకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కన్నడాయన, నెమ్మదిగా మాట్లాడే మనిషి. చుక్కిని తిప్పి చూసి, పొట్టవైపు వేలితో నొక్కి, "సార్, మీరు దీనికి నీళ్ళు ఇవ్వలేదు" అన్నారు. చిన్న గిన్నెలో నీళ్ళు ఎప్పుడూ ఉంటాయన్నాను. "గిన్నెలో నీళ్ళు కాదు. గాలిలో నీళ్ళు" అన్నారాయన.

అప్పుడు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. తాబేలు డిప్ప ఇల్లులాగా తొడుక్కున్నది కాదు. దాని వెన్నెముక, పక్కటెముకలే పరుచుకుని ఎముక పెంకుగా మారతాయి. దాని మీద మన గోళ్ళలాంటి పదార్థంతో పలకలు అమరి ఉంటాయి. పిల్ల పెరుగుతున్నప్పుడు ప్రతి పలక అంచున కొత్త పొర పుడుతుంది. గాలిలో తేమ ఉంటే ఆ పొర మెత్తగా ఉండి పక్కకు సాగుతుంది. గాలి పొడిగా ఉంటే అది వెంటనే ఎండి బిగుసుకుంటుంది. పక్కకు దారి లేక పెరుగుదల కిందికి వంగుతుంది, పలక మధ్యభాగం పైకి లేస్తుంది. మావాడు మురిసిపోయిన గోపురాలు అవే.

మాంసకృత్తులు ఎక్కువ పెడితే డిప్ప ఇలా అవుతుందని చాలాకాలం అనుకునేవారట. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు ఆఫ్రికా సల్కాటా తాబేలు పిల్లల్ని ఐదు నెలలు పెంచి చూసి, ఫలితాలు 2003లో ప్రచురించారు. కొన్నిటిని పొడిగాలిలో, కొన్నిటిని తేమగాలిలో ఉంచి, మాంసకృత్తులు తక్కువగా, మధ్యస్థంగా, ఎక్కువగా ఉన్న తిళ్ళు పెట్టారు. తిండిలో తేడా డిప్ప ఎత్తును పెద్దగా మార్చలేదు. పొడిగాలిలో పెరిగినవాటికి మాత్రం గూనులు బాగా లేచాయి. అలాగని తిండి ఏదైనా ఫరవాలేదని కాదు. సున్నం చాలకపోతే ఎముకే మెత్తబడుతుంది. చుక్కి పొట్టవైపు పలక వేలికి లొంగుతున్నది అందుకేనన్నారు డాక్టరు.

నాకు ఒక సందేహం వచ్చింది. నక్షత్ర తాబేలు మా చిత్తూరు మెట్టపొలాల ప్రాణి. మాది పలమనేరు దగ్గర పల్లె. అక్కడ ఎండాకాలం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అంత కరువు సీమ తాబేలుకు తేమ కావాలంటే ఎలా నమ్మడం? ఆయన నవ్వారు. "ఈ పిల్లలు ఎప్పుడు పుడతాయి సార్? వానలు పడ్డాక. పగలంతా ఎక్కడుంటాయి? గడ్డిదుబ్బు కింద, పొద మొదట్లో, తడిమట్టిలో. పిల్ల బతికేది మీరు నిలబడి ఊపిరి పీల్చే గాలిలో కాదు, నేలకు బెత్తెడు ఎత్తులో ఉండే గాలిలో." ఆ మాట నా మనసులో నాటుకుపోయింది.

వస్తూ వస్తూ గాలిలో తేమ కొలిచే చిన్న గడియారం ఒకటి కొన్నాను. బల్బు కింద తొట్టెలో పెడితే ముల్లు ముప్పైకి కూడా చేరలేదు. ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల్లో బెంగుళూరు గాలే దాదాపు అంత పొడిగా ఉంటుంది. దానికి పైన బల్బు వేడి, అపార్టుమెంట్లో ఏసీ. మూడూ కలిసి ఆ తొట్టెను వడియాలు ఎండబెట్టే మిద్దెలా చేశాయి. ఇలాంటి పిల్లలకు 70 నుంచి 80 శాతం తేమ కావాలన్నారు డాక్టరు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పద్ధతి మారింది. న్యూస్‌పేపరు తీసేసి, తడిపి పిండిన కొబ్బరిపొట్టు నాలుగు వేళ్ళ మందాన పరిచాను. పగిలిన పూలకుండీ సగం ముక్కను ఒక మూల గుహలా బోర్లించాను. తొట్టె పైభాగం ముప్పాతిక వంతు మూశాను. పెద్ద బల్బు తీసి, వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే పింగాణీ బల్బు ఒక పక్కన పెట్టాను. ఇక్కడ డాక్టరు గట్టిగా చెప్పిన జాగ్రత్త ఒకటుంది. తేమకు తోడు వెచ్చదనం ఉండి తీరాలి. చలి, తడి కలిస్తే తాబేలుకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. బెంగుళూరు డిసెంబరు రాత్రుళ్ళలో ఇది మరీ ప్రమాదం.

రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్ళలో పావుగంట స్నానం. నీళ్ళు గడ్డం దాటకూడదు. మొదటి రోజు చుక్కి తల వంచి, కళ్ళు మూసుకుని, గొంతు కదిలిస్తూ తాగుతూనే ఉంది. కాసేపటికి సున్నపు ముద్దలాంటి తెల్లని పదార్థం విసర్జించింది. ఒంట్లో నీళ్ళు చాలనప్పుడు పేరుకునేది అదేనట. మా ఆవిడ పక్కనే నిలబడి చూస్తూ, "పాపం, ఎన్నాళ్ళ దాహమో" అంది.

స్నానం తరువాత బాల్కనీలో లేత ఎండ, పక్కన కాస్త నీడ. సున్నం ఒంటికి పట్టాలంటే ఎండ తగలాలి. అద్దం వెనక నుంచి వచ్చే ఎండ పనికిరాదు. అందులో కావలసిన కిరణాలను అద్దమే ఆపేస్తుంది. ఎండలో గాజు తొట్టెను మాత్రం పెట్టకూడదు, నిమిషాల్లో పొయ్యి అయిపోతుంది.

ఇక తిండి. బ్రెడ్డు, పాలు, అన్నం పూర్తిగా బంద్. టమాటా, పండ్లు కూడా వద్దన్నారు. ఎక్కువ తింటే నక్షత్ర తాబేలుకు కడుపు చెడుతుంది. పాలకూరలో ఉండే ఆమ్లం సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదు. క్యాబేజీ రోజూ పెట్టే వస్తువు కాదు. పెట్టవలసినవి గరిక, రకరకాల గడ్డి, మందార ఆకులు, పూలు, కొద్దిగా మునగాకు, ముళ్ళు తీసిన నాగజెముడు మట్టలు. మా వీధిలో పట్టుపురుగుల మేత తెలిసిన శిడ్లఘట్ట ఆవిడ ఒకరున్నారు. ఆమె పెరటి మల్బరీ ఆకులు కూడా భేషుగ్గా పనికొచ్చాయి. తిండిలో భాస్వరం కన్నా సున్నం కనీసం రెట్టింపు ఉండాలన్నది లెక్క. పైన పక్షులకు పెట్టే సముద్రపు నురుగు గీకి చిటికెడు చల్లేవాణ్ణి. ఐదో రోజు చుక్కి మందార పువ్వు కోసం మెడ చాపి నడిచి వచ్చింది. ఆ సాయంత్రం మా ఇంట్లో పండగే.

అయితే డాక్టరు చివర్లో చెప్పిన మాట నేను ఇంట్లో ఇంకా చెప్పలేదు. "సార్, ఇది మన దేశపు తాబేలు. దీన్ని ఇంట్లో ఉంచుకోవడానికి మీకు గానీ, ఇంకెవరికి గానీ హక్కు లేదు. దాచేకొద్దీ చిక్కు పెరుగుతుంది. మీరే ఫారెస్టు వాళ్ళకు చెప్పండి." 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణతో నక్షత్ర తాబేలు పులి, ఏనుగులతోపాటు మొదటి షెడ్యూలులో చేరింది. నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా. విదేశాల మధ్య దీని వ్యాపారాన్ని సైట్స్ ఒప్పందం 2019లో నిషేధించింది. సల్కాటా లాంటి విదేశీ తాబేళ్ళ సంగతి వేరు. వాటిని పెంచేవారు 2024 నాటి నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. అరచేతిలో ఉన్నప్పుడు ముద్దొచ్చే సల్కాటా పెద్దదయ్యాక మనిషంత బరువు తూగుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

రాత్రి మా ఆవిడకు చెప్పాను. ఆమెది శ్రీకాకుళం. "మా శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి గుడి ఆవరణలో ఇవే తాబేళ్ళు ఉంటాయి. మేము చిన్నప్పుడు ఆకుకూర కట్టలు పట్టుకెళ్ళి పెట్టేవాళ్ళం. ఒక్కదాన్ని ఇంటికి తెచ్చుకుందామని మాత్రం ఎవరికీ తోచేది కాదు. అవి స్వామివి కదా" అంది. ఇంట్లో తాబేలు ఉంటే లక్ష్మి నిలుస్తుందన్న మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు గానీ, ఆ మాట మీదే చాలామంది వ్యాపారం సాగుతోంది. ఒకే ఒక్క సేకరణ కేంద్రం నుంచి ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు తరలిపోతున్నాయని 2015లో ఒక పరిశోధన తేల్చింది. వాటిలో పిల్లలే ఎక్కువ.

ఆ అంకె చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. 1976లో నాకు తొమ్మిదేళ్ళు. తొలకరి పడ్డాక మా వేరుశెనగ చేలల్లో తాబేళ్ళు బయటికి వచ్చేవి. సైకిలు మీద ఒకాయన వచ్చి పిల్లల చేత వాటిని పట్టించి కొనుక్కుపోయేవాడు. నేను రెండు పట్టి ఇచ్చాను. చేతిలో రెండు రూపాయలు పెట్టాడు. టూరింగు టాకీసులో సినిమా చూసి, మిగిలిన డబ్బులతో బొరుగులు కొనుక్కున్నాను. ఆ రెండూ ఏ ఊళ్ళో, ఎవరి ఇంట్లో, ఏ బల్బు కింద బతికాయో!

పెళ్ళి నుంచి తిరిగొచ్చాక మేనకోడలినీ అల్లుణ్ణీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. అల్లుడు చదువుకున్నవాడు, చట్టం మాట వినగానే ముఖం పాలిపోయింది. కష్టమైంది మనవడితోనే. వాడు చుక్కిని ఒళ్ళో పెట్టుకుని అడిగాడు. "తాతా, ఇప్పుడు నాకు అన్నీ తెలిశాయి కదా. రోజూ స్నానం చేయిస్తాను. గరిక కోసి తెస్తాను. బ్రెడ్డు పెట్టను. అయినా ఎందుకిచ్చెయ్యాలి?"

వాడి ప్రశ్నకు చట్టం సమాధానం కాదు. నేను సైకిలాయన సంగతి, రెండు రూపాయల సంగతి చెప్పాను. "నేను అమ్మినవాటికి మళ్ళీ మా చేను దొరకలేదు నాన్నా. చుక్కికైనా అలాంటి చోటు దొరుకుతుందేమో చూద్దాం" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "గోపురాలు పోతాయా?" అని అడిగాడు. పోవని చెప్పాను. లేచినవి లేచినట్టే ఉంటాయి, ఇకమీద పుట్టే పొర మాత్రం చదునుగా పెరగవచ్చు. డాక్టరు నాకు చెప్పింది అదే. వాడికి అబద్ధం చెప్పదలచుకోలేదు.

అటవీశాఖ వారికి ఫోను చేస్తే ఎక్కడ అప్పగించాలో చెప్పారు. మరుసటి శనివారం మేమంతా కారులో వెళ్ళాం. వివరాలు రాసుకుని, సంతకాలు తీసుకున్నారు. మావాడు మల్బరీ ఆకుల పొట్లం, తేమ కొలిచే గడియారం వాళ్ళ చేతికిచ్చాడు. గడియారం వాళ్ళ దగ్గర ఉందట, నవ్వుతూ తిరిగిచ్చారు. "వెంటనే అడవిలో వదిలేస్తారా?" అని అడిగితే, అలా కుదరదన్నారు. ఇంట్లో పెరిగిన తాబేలు ఏ జబ్బు మోస్తోందో పరీక్షించాలి. ఏ ప్రాంతపు జాతో చూసుకోవాలి. దక్షిణాది తాబేళ్ళు వేరు, గుజరాత్, రాజస్థాన్ వైపువి వేరు, శ్రీలంకవి వేరు. 2018లో సింగపూరు నుంచి 51 నక్షత్ర తాబేళ్ళను విమానంలో మన బెంగుళూరుకు తిప్పి పంపినప్పుడు కూడా వాటిని మెల్లగా ఇక్కడి నేలకు అలవాటు చేసే ఏర్పాటే చేశారు. పట్టుకోవడానికి ఒక్క నిమిషం, తిరిగి చేర్చడానికి ఇంత తతంగం.

తిరుగు ప్రయాణంలో మావాడు ఖాళీ తొట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే వాడికి మాటిచ్చాను, వానలు పడ్డాక మా ఊరికి తీసుకెళతానని.

జూలైలో మాట నిలబెట్టుకున్నాను. కోలారు దాటి, ముల్బాగల్‌లో దోసెలు తిని, నంగలి దాటి పలమనేరు చేరాం. ముందురోజు మంచి వాన పడింది. మా చేలో సగం ఇప్పుడు మామిడితోట. గట్టు వారన తుప్పలు, నాగజెముళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. మావాడు గడియారం తెచ్చాడు. నడుమెత్తున పట్టుకుని అంకె చూశాడు. తరువాత గడ్డిదుబ్బు మొదట్లో దోపి, బోర్లా పడుకుని చూశాడు. "తాతా, కింద చాలా ఎక్కువుంది!" అని అరిచాడు. డాక్టరు బెత్తెడు ఎత్తు గాలి గురించి చెప్పిన మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

పదకొండు గంటలవేళ, మేము ఆశ వదులుకున్నాక, గట్టు కింద ఒకటి కనిపించింది. పెద్దది, ఆడదనుకుంటాను. తడి గరిక కొరుకుతోంది. దాని డిప్ప కూడా అద్దంలా నున్నగా ఏమీ లేదు. అడవిలో పుట్టినవాటికీ ఈ జాతిలో కాస్త ఎగుడుదిగుడు సహజమేనట. కానీ ఆ ఎత్తులు చుక్కి గోపురాల్లా నిటారుగా లేవు. చెరువులో అలలా ఒకదాని నుంచి ఒకటి సాగిపోయాయి. మావాడు పట్టుకోవడానికి చెయ్యి చాపలేదు. నేను వద్దని చెప్పవలసిన పనే లేకపోయింది. మేమిద్దరం రాయి మీద కూర్చుని, అది తుప్పలోకి పోయేవరకు చూశాం.

పాఠక మిత్రులారా, ప్రాణిని పెంచడానికి ప్రేమ ఉంటే చాలదు, దాని ఊరి గాలి కూడా కావాలని నాకు యాభై ఏడో ఏట తెలిసింది. మీలో ఎవరి ఇంట్లోనైనా చట్టప్రకారం నమోదైన తాబేలు పిల్ల ఉంటే, ఈ రోజే దాని తొట్టెలో తేమ ఎంతుందో చూడండి. ఎవరైనా నక్షత్ర తాబేలును శుభమని చెప్పి ఇవ్వబోతే, దండం పెట్టి వద్దని చెప్పండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే ఆలస్యం చేయక అటవీశాఖ వారికి చెప్పండి. పిల్లలు ఏడుస్తారు, నిజమే. తొలకరి తరువాత ఒకసారి మన మెట్టపొలాలకు తీసుకువెళ్ళండి, వాళ్ళకే అర్థమవుతుంది.